మొదటి మధ్యయుగ ఐరోపా బంగారు నాణెం ఏది కొనాలి? డుకాట్, ఫ్లోరిన్, నోబుల్, ఫ్రాంక్, బైజాంటైన్ నాణేల పోలిక

బంగారం కొనడం మన ఇళ్లలో కొత్త పని కాదు. ఎత్తు ఎంత, వన్నె ఎంత, తరుగు ఎంత, మజూరీ ఎంత అని అడిగి తెలుసుకుంటే ఏ నగనైనా మరో నగతో పోల్చి చూడగలమన్న నమ్మకం మనకు ఉంటుంది. మధ్యయుగ ఐరోపా బంగారు నాణెం విషయంలో మాత్రం ఈ ప్రశ్నలు సగం పనికే సరిపోతాయి. ఒకే ఎత్తు, ఒకే మేలిమి, ఒకే బొమ్మ ఉన్న రెండు వెనిస్ డుకాట్లలో ఒకటి అందుబాటు ధరకు దొరికితే, రెండోది దానికి ఎన్నో రెట్లు పలుకుతుంది. ఆ తేడా అంతా అంచు వెంట చెక్కిన ఒక్క పేరులో ఉంటుంది. అందుకే మొదటిసారి కొనబోయేవారు ఏ నాణెం అందంగా ఉందో, ఏది బరువుగా ఉందో చూడడానికి ముందు, ఆ నాణెం మీద తాము ఏం చదవదలచుకున్నారో తేల్చుకోవాలని నేను గట్టిగా నమ్ముతున్నాను. కింది పోలికంతా ఆ దృష్టితో చేసినదే.

ముందు రంగస్థలం కొంత తెలియాలి. ఫ్రాంకుల రాజ్యంలో మెరోవింజియన్ రాజుల కాలపు సన్నని బంగారు ట్రెమిస్సిస్, అంటే సుమారు 1.3 గ్రాముల నాణెం, 7వ శతాబ్దం చివరికి ఆగిపోయింది. ఆ తరువాత దాదాపు అయిదున్నర శతాబ్దాల పాటు స్పెయిన్, సిసిలీ వంటి చోట్లు మినహా పశ్చిమ ఐరోపా వెండి నాణేలతోనే గడిపింది. అదే సమయంలో తూర్పున బైజాంటైన్, అంటే తూర్పు రోమన్, సామ్రాజ్య రాజధాని కాన్‌స్టాంటినోపుల్ టంకశాల బంగారాన్ని ఆపకుండా ముద్రిస్తూనే ఉంది. 1252లో జెనోవా, ఫ్లోరెన్స్ నగరాలు మళ్లీ బంగారు నాణెం వేయడంతో పశ్చిమాన కథ తిరిగి మొదలైంది. కాబట్టి మన ముందున్న ఎంపికలు రెండు కుదుళ్ల నుంచి వస్తాయి: ఒకటి బైజాంటైన్ ధార, రెండోది 1252 తరువాతి నగరాల, రాజ్యాల నాణేలు.

ముందుగా చూడవలసిన అంశాలు

మొదటిది లోహం. నాణెంలో ఉన్న మేలిమి బంగారం విలువ ఆ నాణెం ధరకు అడుగు గట్టు లాంటిది. బంగారం ధర పెరిగినప్పుడు సాధారణ నాణేల ధర కూడా దానితో పాటు కదులుతుంది, అరుదైన నాణేల ధర మాత్రం దాన్ని అంతగా పట్టించుకోదు. లోహవిలువ మీద మీరు ఎంత అదనంగా ఇస్తున్నారో, ఆ అదనం దేనికి ఇస్తున్నారో స్పష్టంగా తెలిసినప్పుడే కొనాలి.

రెండోది చదవడానికి వీలు. కొన్ని నాణేలు తమ పాలకుడి పేరు మాత్రమే చెబుతాయి. కొన్ని ఏ ఊరి టంకశాలలో అచ్చు వేశారో చెబుతాయి. ఫ్లోరెన్స్ నాణేల్లో చాలావాటిని ఏ ఆరు నెలల్లో ముద్రించారో కూడా చెప్పవచ్చు. లాటిన్ రాకపోయినా ఇబ్బంది లేదు, ఎందుకంటే అక్షరాలు రోమన్ లిపిలోవే, పొడి అక్షరాల అర్థాలు పట్టికల్లో దొరుకుతాయి. బైజాంటైన్ నాణేలకు మాత్రం గ్రీకు అక్షరాలు కొంత నేర్చుకోవాలి.

మూడోది స్థితి, అన్నిటికన్నా ఎక్కువ జాగ్రత్త అవసరమైనది ఇదే. బంగారు నాణేన్ని ఎక్కువగా పాడు చేసింది కాలం కాదు, మనుషుల మక్కువ. కాసుల పేరులో గుచ్చడానికి మన కంసాలులు కొక్కెం అతికించినట్టే, ఐరోపాలోనూ వీటిని పతకాలుగా, ఉంగరాలుగా, గుండీలుగా మార్చారు. కొక్కెం తీసేసి, అతుకు అరగదీసి, రంధ్రం పూడ్చి అమ్మే నాణేలు మార్కెట్‌లో చాలా ఉన్నాయి. అలాంటివి తప్పు కావు, కానీ వాటి ధర చాలా తక్కువ ఉండాలి. దీనితో పాటు అంచులు కత్తిరించిన నాణేలు ఉంటాయి. మధ్యయుగాల్లో అంచు నుంచి కొంచెం బంగారం కోసుకోవడం ఎక్కడా అరుదు కాదు.

నాలుగోది నకిలీల బెడద. బంగారు నకిలీని గుర్తించడం వెండి నకిలీని గుర్తించడం కన్నా కష్టం, ఎందుకంటే నకిలీ చేసేవాడు కూడా అసలు బంగారమే వాడతాడు. వన్నె సరిపోయినంత మాత్రాన నాణెం అసలుది అని రుజువు కాదు. అయిదోది చట్టం, కాగితాలు. దాని గురించి చివర విడిగా చెబుతాను.

ఒక్క చూపులో పోలిక

| నాణెం | మొదలైన సంవత్సరం | సుమారు ఎత్తు | వన్నె | దాని మీద చదవగలిగేది | ముఖ్యమైన జాగ్రత్త |
|---|---|---|---|---|---|
| బైజాంటైన్ సాలిడస్, దాని వారసులు | 4వ శతాబ్దం తొలి భాగం | 4.4–4.5 గ్రా. | మొదట దాదాపు మేలిమి, 11వ శతాబ్దంలో పతనం | చక్రవర్తి, సహపాలకుడు | కాలాన్ని బట్టి వన్నె మారుతుంది |
| ఫ్లోరెన్స్ ఫ్లోరిన్ | 1252 | 3.5 గ్రా. | మేలిమి | టంకశాల అధికారి గుర్తు | ఇతర దేశాల అనుకరణలు |
| వెనిస్ డుకాట్ | 1284–85 | 3.5 గ్రా. | మేలిమి | డోజ్ (వెనిస్ పాలకుడు) పేరు | తరువాతి కాలపువి, స్థానిక అనుకరణలు |
| హంగరీ ఫ్లోరిన్ | 1325 | 3.5 గ్రా. | మేలిమి | రాజు, టంకశాల అక్షరాలు | నగల అతుకులు |
| ఇంగ్లండ్ నోబుల్ | 1344 | 1351 తరువాత 7.78 గ్రా. | 23 క్యారట్లకు పైన | రాజు బిరుదులు, టంకశాల | అంచు కోతలు |
| ఫ్రాన్స్ గుర్రపు ఫ్రాంక్ | 1360 | 3.88 గ్రా. | మేలిమి | రాజు పేరు | పలుచని రేకు, మడతలు |
| రైన్ గుల్డెన్ | 1386 ఒప్పందం | 3.5 గ్రా. లోపు | 23 నుంచి 19 క్యారట్లకు దిగింది | ఎలెక్టర్ (చక్రవర్తిని ఎన్నుకునే హక్కున్న జర్మన్ ప్రభువు), ఊరు | వన్నె తగ్గుదల |

ఎత్తు గురించి మన లెక్కలో చెప్పాలంటే, డుకాట్, ఫ్లోరిన్ అరకాసు కన్నా కొంచెం తక్కువ, నోబుల్ ఇంచుమించు కాసు.

బైజాంటైన్ నాణేలు: తక్కువ ఖర్చుతో ఎక్కువ కాలం

కాన్‌స్టాంటైన్ చక్రవర్తి ఒక రోమన్ పౌను బంగారానికి 72 చొప్పున నిర్ణయించిన సాలిడస్ ప్రమాణం 7 శతాబ్దాలకు పైగా నిలిచింది. ప్రపంచ నాణేల చరిత్రలో అంత కాలం మాట తప్పని ప్రమాణాలు చాలా అరుదు. హెరాక్లియస్ (610–641), అతని మనుమడు రెండవ కాన్‌స్టాన్స్ కాలపు సాలిడస్‌లు నేటికీ పుష్కలంగా దొరుకుతాయి, ఈ పోలికలో ఉన్నవాటిలో చవకైనవాటి సరసన నిలుస్తాయి. పొడుగాటి గడ్డంతో చక్రవర్తి, పక్కన కొడుకు, వెనక మెట్ల మీద శిలువ: ఒక్క నాణెంలో ఒక రాజవంశపు వారసత్వ ప్రకటన కనిపిస్తుంది. రెండవ జస్టినియన్ 7వ శతాబ్దం చివర క్రీస్తు ముఖాన్ని మొదటిసారి నాణెం ముందు వైపున పెట్టాడు. ఆ నాణేలకు గిరాకీ ఎక్కువ, ధర కూడా ఎక్కువే.

ఇక్కడ జాగ్రత్త ఏమిటంటే, బైజాంటైన్ నాణెం అనగానే మేలిమి అనుకోకూడదు. 11వ శతాబ్దపు రెండో భాగంలో చక్రవర్తులు వరుసగా వెండి కలుపుతూ పోయారు. ఏడవ మైఖేల్ (1071–78) కాలానికి నాణెం పాలిపోయిన పసుపులో కనిపిస్తుంది, 1080ల నాటికి దానిలో బంగారం నామమాత్రం. 1092లో అలెక్సియోస్ కొమ్నెనోస్ సుమారు 20.5 క్యారట్ల హైపర్‌పిరాన్‌తో వ్యవస్థను మళ్లీ నిలబెట్టాడు. అది గిన్నెలా వంపు తిరిగిన నాణెం. 13వ శతాబ్దంలో అదీ 15 క్యారట్లకు దిగి, 14వ శతాబ్దం మధ్యకు పూర్తిగా ఆగిపోయింది. ఒక సామ్రాజ్యం ఎలా కుంగిందో బంగారం రంగులోనే చూడదలచినవారికి ఒక హెరాక్లియస్ సాలిడస్, ఒక ఏడవ మైఖేల్ నాణెం, ఒక హైపర్‌పిరాన్ పక్కపక్కన పెట్టుకోవడం కన్నా మంచి మార్గం నాకు తెలియదు. మూడూ కలిపినా ఖర్చు చాలాసార్లు ఒక మంచి నోబుల్ ధర దాటదు. అయితే హైపర్‌పిరాన్‌ల మీద అచ్చు తరచూ పక్కకు జరిగి ఉంటుంది, ముఖాలు స్పష్టంగా పడవు. బొమ్మ అందం ముఖ్యమనుకునేవారికి ఇవి నిరాశ కలిగిస్తాయి.

ఫ్లోరిన్: గుర్తుల మీద ప్రేమ ఉన్నవారికి

ఒక వైపు లిల్లీ పువ్వు, దాని చుట్టూ ఊరి పేరు. రెండో వైపు ఆ ఊరి రక్షకుడైన బాప్తిస్మమిచ్చు యోహాను. ఫ్లోరిన్‌లో ఇంతకు మించి బొమ్మ లేదు, పాలకుడి పేరు అసలే లేదు, ఎందుకంటే ఫ్లోరెన్స్ గణరాజ్యం. తొలి చూపుకు ఇది చదవడానికి ఏమీ లేని నాణెంలా అనిపిస్తుంది. కానీ యోహాను తల దగ్గర చిన్న గుర్తు ఒకటి ఉంటుంది: ఒక పువ్వు, ఒక గంట, ఒక డాలు, ఒక నక్షత్రం లాంటిది. అది ఆ ఆరు నెలలకు టంకశాలను నడిపిన అధికారి గుర్తు. వర్తక శ్రేణి నుంచి ఒకరిని, నాణేలు మార్చే వ్యాపారుల శ్రేణి నుంచి ఒకరిని ఇలా అర్ధ సంవత్సరానికి ఒకసారి ఎన్నుకునేవారు. చరిత్రకారుడిగా పేరుపొందిన జొవాన్నీ విల్లానీ టంకశాల పదవిలో ఉన్నప్పుడు 1317 నుంచి ఈ గుర్తులను రాసిపెట్టే పుస్తకం మొదలైంది. దాని పుణ్యమా అని, మీ చేతిలో ఉన్న నాణెం ఫలానా సంవత్సరం మొదటి అర్ధంలో పుట్టిందని 7 శతాబ్దాల తరువాత చెప్పగలుగుతున్నాం. తేదీ చెక్కని కాలపు నాణేనికి ఇంత కచ్చితమైన వయసు దొరకడం నిజంగా అబ్బురం.

అయితే ఆ గుర్తు స్పష్టంగా లేని ఫ్లోరిన్ కొంటే దాని ప్రాణం పోయినట్టే. కొక్కెం అతుకు ఎక్కువగా నాణెం పై అంచున, అంటే యోహాను తల దగ్గరే పడుతుంది. గుర్తు కూడా అక్కడే ఉంటుంది. కాబట్టి ఫ్లోరిన్ విషయంలో పై అంచును ముందుగా చూడాలి.

ఫ్లోరిన్ ఎంత పేరు తెచ్చుకుందంటే, దాని బొమ్మను అవిన్యోన్‌లో పోప్ 22వ జాన్, బొహీమియా రాజు, లూబెక్ నగరం, ఆరగాన్ రాజు వంటివారెందరో అనుకరించారు. లిల్లీ పువ్వు అదే, యోహాను అదే, పేరు మాత్రం వేరు. ఈ అనుకరణలు నకిలీలు కావు, ఆయా పాలకులు అధికారికంగా వేయించిన నాణేలు. ఒకే బొమ్మ ఐరోపా అంతా ఎలా తిరిగిందో చూపించే సేకరణ చేయాలనుకునేవారికి ఇది ఒక జీవితకాలపు దారి. కాకపోతే అమ్మేవారు అనుకరణకు ఫ్లోరెన్స్ పేరు తగిలించకుండా చూసుకోవాలి. అంచు మీద అక్షరాలు ఒక్కొక్కటీ చదివితే సరిపోతుంది.

డుకాట్: మన తీరం దాకా వచ్చిన నాణెం

1284 అక్టోబరు 31న వెనిస్ మహాసభ ఫ్లోరిన్‌తో సమానంగా లేదా అంతకన్నా మేలుగా ఉండే బంగారు నాణెం వేయాలని తీర్మానించింది. డోజ్ జొవాన్నీ దాండొలో పేరుతో మొదలైన ఆ నాణెం బొమ్మ 1797లో గణరాజ్యం కూలేదాకా పెద్దగా మారలేదు. ముందు వైపున సెయింట్ మార్క్ ఎదుట మోకరిల్లిన డోజ్ జెండా అందుకుంటూ కనిపిస్తాడు. వెనక వైపున నక్షత్రాల మధ్య బాదంకాయ ఆకారపు ప్రభలో క్రీస్తు. చుట్టూ ఉన్న లాటిన్ మాటల భావం ‘క్రీస్తూ, నీవు ఏలే ఈ డుకాటు నీకే అర్పితమగుగాక’ అని. డుకాటు అంటే డోజ్ ఏలుబడిలోని రాజ్యం. ఆ మాటే నాణేనికి పేరయింది.

మన పాఠకులకు ఈ నాణెంతో నిజమైన బంధుత్వం ఉంది. మిరియాల కోసం, బట్టల కోసం వెనిస్ బంగారం ఈజిప్టు మీదుగా హిందూ మహాసముద్రంలోకి వచ్చింది. 15వ శతాబ్దంలో విజయనగరం చూసిన వెనిస్ వర్తకుడు నికొలో దె కొంతి, భారతదేశంలో కొన్ని ప్రాంతాల్లో వెనిస్ డుకాట్లు చెలామణీ అవుతున్నాయని చెప్పాడు. విజయనగర వరహా ఎత్తు సుమారు 3.4 గ్రాములు, డుకాట్ ఎత్తు సుమారు 3.5 గ్రాములు, అందుకే వర్తకుల త్రాసులో ఈ రెండూ ఇంచుమించు ఒక్కటిగా తూగాయి. మహారాష్ట్రలో పుత్తళ్ల హారం అనే నగకు మూలం ఈ డుకాట్ మీది బొమ్మలే. ఒక డుకాట్‌ను, ఒక వరహాను పక్కపక్కన ఉంచుకుని చూసినప్పుడు కలిగే ఆనందం మరే ఐరోపా నాణెమూ మనకు ఇవ్వలేదని నా అనుభూతి.

ఎంపిక దగ్గరికి వస్తే, అంద్రేయా దాండొలో (1343–54), అంతోనియో వెనియేర్ (1382–1400), మికేలె స్తేనో (1400–13), తొమ్మాజో మొచెనీగో (1414–23), ఫ్రాంచెస్కో ఫోస్కారీ (1423–57) డుకాట్లు తరచూ దొరుకుతాయి. కుట్ర నేరం మీద 1355లో తల నరికించుకున్న డోజ్ మారీనో ఫలియేరో నాణెం మాత్రం చాలా అరుదు. మొదట్లో చెప్పిన ధర తేడా ఇలాంటి పేరు వల్ల వచ్చేదే. మొదటి నాణేనికి అంద్రేయా దాండొలో లేదా స్తేనో సరిగ్గా సరిపోతాడు.

ఇక జాగ్రత్తలు. బొమ్మ మారలేదు గనుక 18వ శతాబ్దపు నాణేన్ని మధ్యయుగపు డుకాట్‌గా అమ్మడం చాలా సులువు. లుదొవీకో మనీన్ (1789–97) పేరున్న నాణెం మధ్యయుగానిది కాదు. అల్వీసె మొచెనీగో అన్న పేరుతో 16–18 శతాబ్దాల మధ్య నలుగురు డోజ్‌లు ఉన్నారు, వారెవరూ మధ్యయుగంవారు కారు. తొమ్మాజో మొచెనీగో, అల్వీసె మొచెనీగో పేర్ల మధ్య తేడా కొన్ని అక్షరాలే, కాని వారి మధ్య శతాబ్దాల దూరం ఉంది. రెండోది, తూర్పు మధ్యధరాలోనూ మన దేశంలోనూ చేసిన అనుకరణలు. వాటిలో అక్షరాలు అర్థం లేని గీతలుగా మారతాయి, సెయింట్ మార్క్ ముఖం ఒక చుక్కగా, డోజ్ వస్త్రం కొన్ని గాట్లుగా మిగులుతుంది. మన దేశంలో పాత నగల్లో బయటపడేవి ఎక్కువగా ఇలాంటివీ, 18వ శతాబ్దపువీ. వాటికి వాటి చరిత్ర ఉంది, నాకు వాటి మీద ప్రత్యేకమైన మమకారం కూడా ఉంది. కానీ వాటిని వాటి పేరుతోనే, వాటి ధరకే కొనాలి.

హంగరీ ఫ్లోరిన్, రైన్ గుల్డెన్

14వ శతాబ్దంలో ఐరోపాకు కావలసిన బంగారంలో పెద్ద వాటా హంగరీ రాజ్యపు గనుల నుంచి వచ్చింది. చార్లెస్ రాబర్ట్ రాజు 1325లో ఫ్లోరిన్ నమూనాలో నాణెం మొదలుపెట్టాడు; 1328లో ఏర్పడిన క్రెమ్నికా టంకశాల నేటి స్లొవేకియాలో ఇప్పటికీ పనిచేస్తోంది. లూయీ రాజు కాలంలో యోహాను స్థానంలోకి గొడ్డలి పట్టిన సెయింట్ లాడిస్లాస్ వచ్చాడు, 15వ శతాబ్దంలో మత్తియాస్ కోర్వినస్ లిల్లీ, డాలు ఉన్న చోట మరియమ్మను కూర్చోబెట్టాడు. సిగిస్‌ముండ్ (1387–1437) నాణేలు సులభంగా దొరుకుతాయి. వన్నె తగ్గలేదు, ధర తరచూ ఫ్లోరెన్స్ ఫ్లోరిన్ కన్నా తక్కువ. మేలిమి కావాలి, పేరు ఖర్చు తగ్గాలి అనేవారికి ఇది మంచి ఎంపిక.

రైన్ గుల్డెన్ సంగతి క్లుప్తంగా చెబుతాను. మైన్ట్స్, ట్రియర్, కొలోన్ ఆర్చ్‌బిషప్‌లు, పలాటినేట్ ప్రభువు 1386లో చేసుకున్న ఒప్పందంతో వచ్చిన ఉమ్మడి నాణెం ఇది. 23 క్యారట్లతో మొదలై 15వ శతాబ్దంలో 19 దగ్గరకు జారింది. జర్మనీలో ఉంటున్న తెలుగువారికి స్థానిక వేలాల్లో తరచూ కనిపిస్తుంది, ఊరి పేరు చదివి ఆ ఊరికి వెళ్లి రావచ్చు. ఆ సౌకర్యం లేనివారు దీన్ని రెండో, మూడో నాణెంగా ఉంచుకోవచ్చు.

నోబుల్: పెద్ద రేకు, పెద్ద మాట

ఇంగ్లండ్ రాజు మూడవ ఎడ్వర్డ్ 1344 జనవరిలో మొదట వేయించిన బంగారు నాణెం విఫలమైంది. దానిలో అతి పెద్దదైన డబుల్ లెపర్డ్ మూడు మాత్రమే చాలాకాలంగా తెలుసు. అదే ఏడాది దాని స్థానంలో వచ్చిన నోబుల్ నిలబడింది. విలువ 6 షిల్లింగుల 8 పెన్నీలు, అంటే పౌనులో మూడో వంతు. రాజు కత్తి, డాలు పట్టి ఓడలో నిలబడి ఉంటాడు. వెనక వైపున లూకా సువార్తలోని వాక్యం, యేసు వారి మధ్య నుంచి దాటి వెళ్లాడన్నది, చుట్టూ ఉంటుంది.

నోబుల్‌లో అసలు రుచి రాజు బిరుదుల్లో ఉంది. ఎడ్వర్డ్ తాను ఫ్రాన్స్‌కు కూడా రాజునని చెప్పుకున్నాడు, నాణెం మీద కూడా చెక్కించాడు. 1360 బ్రెతిన్యీ సంధితో ఆ హక్కు వదులుకుంటానని ఒప్పుకున్న తరువాత, 1361 నుంచి 1369 వరకు వేసిన నోబుల్‌ల మీద ఫ్రాన్స్ పేరు పోయి అక్విటేన్ పేరు వచ్చింది. యుద్ధం మళ్లీ రాజుకోగానే ఫ్రాన్స్ పేరు తిరిగి వచ్చింది. శతవర్ష యుద్ధపు దౌత్యం అంతా రెండు మూడు అక్షరాల్లో మారడం చూస్తే, నాణెం ఆ కాలపు ప్రభుత్వ ప్రకటన అని అర్థమవుతుంది. 1363 నుంచి, ఫ్రాన్స్ తీరంలో ఇంగ్లండ్ చేతిలో ఉన్న కలే రేవులో కూడా నోబుల్ వేశారు. ఓడ వెనక జెండా, వెనక వైపు నడుమ సి అక్షరం వంటి గుర్తులతో వాటిలో చాలావాటిని పోల్చుకోవచ్చు.

కొనేవారి దృష్టితో చూస్తే, నోబుల్ ఈ జాబితాలో ఖరీదైనది. 1351–1412 మధ్య 7.78 గ్రాములు, 1412 తరువాత 7 గ్రాములు. ఈ రెండు అంకెలూ గుర్తుంచుకుంటే అంచు కోసిన నాణేన్ని త్రాసే పట్టిస్తుంది. వెడల్పాటి పలుచని రేకు కావడం వల్ల మడత పడి సరిచేసినవి ఎక్కువ. కాంతిని పక్క నుంచి పడేలా పట్టి చూస్తే మడత గీత కనిపిస్తుంది. ఖర్చు తట్టుకోలేనివారికి నా సలహా, అరిగిన నోబుల్ కోసం వెతకడం మాని, మంచి స్థితిలోని పావు నోబుల్ కొనమని. దాని మీద ఓడ ఉండదు, డాలు మాత్రమే ఉంటుంది. ఎత్తు సుమారు 1.9 గ్రాములు. ఆరవ హెన్రీ తొలి కాలపు, చిన్న ఉంగరం గుర్తున్న నోబుల్‌లు పూర్తి నోబుల్‌లలో కాస్త సులభంగా దొరికే రకం.

గుర్రపు ఫ్రాంక్, కిరీటపు ఎక్యూ

1356లో ప్వాతియే యుద్ధంలో ఇంగ్లండ్ చేతికి చిక్కిన ఫ్రాన్స్ రాజు రెండవ జాన్‌ను విడిపించడానికి 30 లక్షల ఎక్యూల (ఫ్రాన్స్ బంగారు నాణేల) విమోచన ధనం నిర్ణయమైంది. రాజు తిరిగి వచ్చాక 1360 డిసెంబరు 5 ఆజ్ఞతో వచ్చిన నాణెమే ఫ్రాంక్. ఫ్రాన్స్ వాడిన ఆ పేరుకు ఇదే ఆరంభం. కవచం తొడిగిన రాజు కత్తి ఎత్తి గుర్రం మీద దూసుకు వస్తున్న బొమ్మ, బందీగా ఉండి వచ్చిన మనిషి గురించి రాజ్యం చెప్పదలచుకున్న మాట. నా దృష్టిలో మధ్యయుగ బంగారంలో బొమ్మ కోసమే కొనదగిన నాణెం ఇదొక్కటే. 13వ శతాబ్దపు ఫ్రాన్స్ రాజు సెయింట్ లూయీ కాలపు ఎక్యూ అత్యంత అరుదు గనుక, ఫ్రెంచి బంగారం మీద మనసున్నవారికి ప్రవేశద్వారం గుర్రపు ఫ్రాంక్, లేదా 1365లో అయిదవ చార్లెస్ వేయించిన, రాజు నిలబడి ఉండే ఫ్రాంక్.

చదివే ఇష్టం ఉన్నవారు మాత్రం 1385లో మొదలైన ఆరవ చార్లెస్ కిరీటపు ఎక్యూ చూడాలి. 1389 నుంచి టంకశాలలు అంచు రాతలో ఒక నిర్ణీత అక్షరం కింద చుక్క పెట్టాయి: 5వ అక్షరం కింద చుక్క ఉంటే తులూజ్, 6 అయితే తూర్, 15 అయితే రువాన్, 18 అయితే పారిస్. భూతద్దంతో అక్షరాలు లెక్కపెట్టి ఊరిని పట్టుకోవడం ఫ్లోరిన్ గుర్తు చదవడంతో సమానమైన సంతోషం, ధర మాత్రం గుర్రపు ఫ్రాంక్ కన్నా తక్కువ.

ఎవరికి ఏది

చరిత్ర విద్యార్థికి, చేతిలో పరిమితమైన సొమ్ము ఉన్నవారికి హెరాక్లియస్ సాలిడస్ లేదా సిగిస్‌ముండ్ ఫ్లోరిన్. వరహాలు, మాడలు ఇప్పటికే సేకరిస్తున్నవారికి సందేహం లేకుండా డుకాట్, అది కూడా 1500 లోపు డోజ్ పేరుతో. గుర్తులు, జాబితాలు, వంశవృక్షాలు ఇష్టపడే ఓపికస్తులకు ఫ్లోరిన్, కిరీటపు ఎక్యూ. ఒకే ఒక్క నాణెం కొని జీవితమంతా చూసుకోవాలనుకునేవారికి, సొమ్ము కూడబెట్టి తీసుకునే నోబుల్ లేదా గుర్రపు ఫ్రాంక్. మూడు మధ్యరకం నాణేల సొమ్ముతో ఒక మంచి నాణెం కొనడం వీరి విషయంలో సరైన నిర్ణయం. పిల్లల పెళ్లి నాటికి విలువ పెరగాలని బంగారం కొనేవారికి మాత్రం ఈ పోలికలోని ఏ నాణెమూ తగదు; అమ్మేటప్పుడు వేలంశాల కమీషను, కొనేవారి కోసం ఎదురుచూపు ఉంటాయి, ఆ అవసరానికి బిస్కెట్ బంగారమే మేలు.

మొదటి నాణెంగా అసలు ఆలోచించకూడనివి కూడా ఉన్నాయి. ఇంగ్లండ్ రాజు మూడవ హెన్రీ 1257లో వేయించిన బంగారు పెన్నీ ఎనిమిది వరకే తెలుసు. డెవన్‌లో దొరికిన ఒకటి 2022 జనవరిలో వేలంలో కమీషనుతో కలిపి 6,48,000 పౌండ్లు పలికింది. చక్రవర్తి రెండవ ఫ్రెడరిక్ 1231లో ఇటలీలోని బ్రిందిసి, మెస్సీనాలలో వేయించిన అగస్తాలె అందచందాల్లో సాటిలేనిది, కానీ ఖరీదు, నకిలీల బెడద రెండూ ఎక్కువ.

కొనేముందు, కొన్నాక

ఎత్తు, వ్యాసం, రెండు వైపుల ఫొటోలు, అంచు ఫొటో అడగండి. అంచు ఫొటో ఇవ్వని అమ్మకందారు దగ్గర మొదటి నాణెం కొనవద్దు. అదే పాలకుడి అదే రకపు నాణేలు పాత వేలాల ఫొటోల్లో కనీసం పది చూసి, మీరు కొనబోయేదానితో పోల్చండి; ఒకే గీత, ఒకే లోపం ఒకే చోట రెండు నాణేల్లో కనిపిస్తే అది పోతపోసిన నకిలీ కావచ్చు. నాణేలను పరీక్షించే ఎన్‌జీసీ, పీసీజీఎస్ వంటి సంస్థలు పెట్టెలో ముద్రవేసి ఇచ్చిన నాణెం కొత్తవారికి ధైర్యం ఇస్తుంది, అయితే కొక్కెం అతుకు తీసిన నాణేనికి ఆ చీటీ మీద ఆ సంగతి రాసి ఉందేమో చదవాలి.

నాణేన్ని కంసాలి దగ్గరికి తీసుకువెళ్లి గీటురాయి మీద గీయించవద్దు. నగకు అది పరీక్ష, నాణేనికి గాయం. వన్నె తెలుసుకోవాలంటే హాల్‌మార్క్ కేంద్రాల్లో ఉండే ఎక్స్‌ఆర్‌ఎఫ్ యంత్రం గీత పడకుండా పై పొర వన్నె చెబుతుంది. కుంకుడు రసంతో కడగడం, గుడ్డతో తుడవడం కూడా వద్దు. మేలిమి బంగారం మెత్తన, ఒక్క తుడుపుకే సన్నని గీతలు పడతాయి.

ఇక చట్టం. ఇంగ్లండ్‌లో ఒకే చోట దొరికిన 300 ఏళ్లు దాటిన రెండు లేదా అంతకన్నా ఎక్కువ బంగారు నాణేలు 1996 ట్రెజర్ చట్టం కిందికి వస్తాయి. కాబట్టి తవ్వకంలో దొరికిందని చెప్పే నాణేనికి నమోదు కాగితం అడగాలి. భారతదేశంలో 1972 పురావస్తు, కళాఖండాల చట్టం ప్రకారం 100 ఏళ్లు దాటిన నాణెం పురావస్తువు. కేంద్ర ప్రభుత్వం, దాని అనుమతి పొందిన సంస్థలు తప్ప ఎవరూ దాన్ని విదేశాలకు పంపకూడదు. అందువల్ల అమెరికాలో, బ్రిటన్‌లో ఉంటున్నవారు అక్కడ కొన్న నాణేన్ని స్వదేశానికి తెచ్చేముందు, దాన్ని మళ్లీ విదేశీ వేలంలో అమ్మే ఆలోచన ఉందో లేదో తేల్చుకోవాలి. దిగుమతి సుంకం వర్గీకరణను బట్టి మారుతుంది గనుక, పార్సిల్ బయలుదేరకముందే కస్టమ్స్ ఏజెంటును అడగడం మంచిది. రసీదు, వేలం జాబితాలోని పేజీ, ఎగుమతి అనుమతి ఉంటే అది, మీరు స్వయంగా తూచిన ఎత్తు రాసిన చీటీ, నాణెంతో పాటు ఒకే చోట ఉంచండి. రేపు మీ తరువాత దాన్ని చూసేవారికి ఆ పేరు ఎవరిదో, ఆ నాణెం ఎక్కడి నుంచి వచ్చిందో ఆ కాగితాలే చెబుతాయి.